ఇంటి పని, ఇక్ష్వాకుల పని

చారిత్రక నవల రాస్తున్నానని చెబితే మన వైపు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మగవాళ్లు "ఏ రాజు మీదండీ?" అంటారు. ఆడవాళ్లు "మీకు తీరికెక్కడిదండీ?" అంటారు. మొదటి ప్రశ్నకు ఏదో ఒక వంశం పేరు చెబితే సరిపోతుంది. రెండోదానికి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పడం కష్టం. అందుకని ఈ రేడియో ప్రసంగానికి దాన్నే తీసుకున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు పాఠాలు చెబుతాను. ఇంట్లో అత్తయ్య, మా వారు, చదువుకుంటున్న పిల్లలు. బెజవాడలో ఇలాంటి ఇళ్లు వీధికి పది ఉంటాయి. కాబట్టి నా కష్టసుఖాలు ప్రత్యేకమైనవేమీ కావు. నేను రాసే రకం నవలకే ఒక ప్రత్యేకత ఉంది, దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

చారిత్రక నవల అనగానే జనం మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. పెద్ద గ్రంథాలయం, చుట్టూ తాళపత్రాలు, తలుపు వేసుకుని కూర్చున్న పండితుడు. కృష్ణా డెల్టాలో ఆ బొమ్మ కుదరదు. ఇక్కడ పాతకాలపు కథలు రాసిన పెద్దల్లో ఎక్కువమంది సంసారులు, పొద్దున లేస్తే జీవనోపాధికి పరుగెత్తాల్సినవాళ్లు.

రేపల్లెనే తీసుకోండి. 1900లో పుట్టిన నోరి నరసింహశాస్త్రి గారు అక్కడ వకీలుగా ఉండేవారు. కోర్టులో వాదించుకుంటూనే నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి, కవిసార్వభౌముడు, కవిద్వయము, ధూర్జటి రాశారు. ఈ పేర్లను వరసగా పెట్టి చూడండి. నారాయణభట్టులో నన్నయ కాలం, రుద్రమదేవిలో తిక్కన కాలం, మల్లారెడ్డిలో ఎర్రన కాలం. శ్రీనాథుడికి కవిసార్వభౌముడు, నంది మల్లయ, ఘంట సింగన జంటకు కవిద్వయము, రాయల యుగానికి ధూర్జటి. రాజుల వెంట కాకుండా కవుల వెంట నడుస్తూ తెలుగు దేశపు చరిత్రను ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చారాయన. ఒక వకీలు ఇంత పెద్ద పథకాన్ని ఏళ్ల తరబడి ఎట్లా మోశారా అని నాకు చాలాకాలం ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పుడు అంత ఆశ్చర్యం లేదు. వకీలుకు వాయిదాలు అలవాటు. ఇవాళ విప్పిన కాగితాల కట్టను సాయంత్రానికి మళ్లీ కట్టేసి, మూడు నెలల తరువాత విప్పినా, కథ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకోగలగడం ఆ వృత్తి నేర్పే విద్య. ఇది నా ఊహే అనుకోండి. కానీ సంసారం చేస్తూ రాసేవాళ్లకు అంతకంటే పనికొచ్చే విద్య ఇంకోటి నాకు కనబడలేదు.

ఎందుకంటే ఈ రకం నవలలో పని రెండు రకాలు. పప్పు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వెళ్లి రావచ్చు. పాలు పెట్టి వెళ్లలేం. శాసనాల సంపుటాలు చదవడం, పేర్లు రాసిపెట్టుకోవడం, ఆ కాలంలో ఏ పంట ఉంది, ఏ ఊరికి ఏ దారి ఉంది అని సరిచూసుకోవడం, ఇదంతా పప్పు లాంటి పని. మధ్యలో గ్యాస్ బండ వచ్చినా, అత్తయ్య మందుల వేళయినా, లేచి వెళ్లొచ్చి మళ్లీ కూర్చోవచ్చు. ఒక ప్రకరణాన్ని మొదటిసారి కాగితం మీదికి తేవడం మాత్రం పాలు కాచడమే. తల తిప్పితే పొంగిపోతుంది.

సాంఘిక నవల రాసే స్నేహితులతో ఈ మాట అంటే వాళ్లు నిట్టూరుస్తారు. వాళ్లకు పప్పు పని తక్కువ. కథంతా లోపలి నుంచి రావాల్సిందే. మాకు పనిలో ముప్పాతిక భాగం ముక్కలు ముక్కలుగా చేసుకోగలిగిందే. అందుకే ఇల్లు చూసుకునేవాళ్లకు చారిత్రక నవల అసాధ్యం అనే మాటను నేను ఒప్పుకోను. వాళ్లకు అన్నిటికంటే అనువైన రకం ఇదేనని నా వాదం.

ఇక విశ్వనాథ సత్యనారాయణ గారి దగ్గరికి వస్తాను. బెజవాడలో కూర్చుని ఆయన్ని దాటి వెళ్లడం కుదరదు కదా. నందమూరులో 1895లో పుట్టి, బందరులో, గుంటూరులో పనిచేసి, ఇక్కడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీలో చాలా ఏళ్లు తెలుగు చెప్పారు. ఆ కాలేజీలో నందమూరి తారక రామారావు గారు ఆయన శిష్యులు. గురువుగారి ఏకవీర మధుర నాయకుల కాలపు కథ. 1969లో అది సినిమాగా వస్తే శిష్యుడే అందులో నటించారు.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ఆయన వేయిపడగలు, అడివి బాపిరాజు గారి నారాయణరావు బహుమతిని చెరిసగం పంచుకున్నాయి. వేయిపడగలు 29 రోజుల్లో పూర్తయిందని అందరూ చెప్పుకుంటారు. ఆయన చెబుతూ ఉంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారని కూడా చెప్పుకుంటారు. మొదటి మాట గుర్తున్నంతగా రెండో మాట జనానికి గుర్తుండదు.

ఆ తరువాత పురాణవైర గ్రంథమాల అని 12 నవలలు, కాశ్మీర రాజవంశం మీద 6, నేపాళ రాజవంశం మీద 6. చాలావరకు నోటితో చెప్పి రాయించినవే. బెజవాడకే చెందిన కోట వెంకటాచలం గారు పురాణాల లెక్క ప్రకారం భారతదేశ చరిత్ర కాలక్రమాన్ని తిరగరాశారు. విశ్వనాథ వారు ఆ లెక్కను నమ్మి నవలలు కట్టారు. ఆ కాలక్రమంతో నాకు ఒప్పుదల లేదు. శాసనాలు, నాణేలు, తవ్వకాలు అటు మొగ్గవు. అయినా ఆ నవలల్లో మనుషులు మాట్లాడుకునే తీరు చదవండి. కాశ్మీరపు అంతఃపురంలో కూడా కృష్ణా జిల్లా అరుగు వినబడుతుంది. అది దోషమో గుణమో తేల్చుకోవడం మీ ఇష్టం. నాకైతే గుణమే.

నన్ను ఆలోచనలో పడేసేది చెప్పి రాయించే ఆ పద్ధతి. చెప్పేవాడికి చేతులు ఖాళీ. నడుస్తూ చెప్పవచ్చు, వాలుకుర్చీలో పడుకుని చెప్పవచ్చు. కానీ ఎదురుగా ఒకరు కూర్చుని కలం పట్టాలి. ఆ ఇద్దరికీ కాఫీలు, భోజనాలు ఇంకొకరు చూడాలి. పుస్తకం అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది. విశ్వనాథ వారి భార్య వరలక్ష్మమ్మ గారు చిన్న వయసులోనే పోయారు. ఆమె మీద ఆయన వరలక్ష్మీ త్రిశతి రాసుకున్నారు. అంతటి దుఃఖాన్ని పద్యాల్లో పెట్టుకోగలిగిన మనిషిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ తరంలో రాసే మగవాడికి తీరిక ఎక్కడి నుంచి వచ్చింది అని ఎవరూ అడగలేదు, అంతే. అడిగి ఉంటే జవాబు ఆ ఇంటి లోపలే దొరికేది.

ఇప్పుడు చెప్పి రాయించడానికి తమ్ముళ్లు అక్కరలేదు. ఫోను చాలు. దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి, కూర కలుపుతూ నాలుగు వాక్యాలు చెబితే అదే టైపు చేసిపెడుతుంది. కుక్కర్ కూత పెట్టినప్పుడు మాత్రం అది ఏం రాసుకుంటుందో ఎవరికీ తెలియదు.

ఇంతవరకూ మగవాళ్ల పేర్లే చెప్పాను. నిజానికి ఈ కథ ఒక ఆడమనిషి దగ్గర మొదలుపెట్టాల్సింది. పెనుగంచిప్రోలు మనలో చాలామందికి తిరుపతమ్మ తిరునాళ్ల వల్ల తెలుసు. ఆ ఊళ్లో 1874లో ఒక అమ్మాయి, 1877లో ఆమె తమ్ముడు పుట్టారు. అమ్మాయి భండారు అచ్చమాంబ. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు.

అచ్చమాంబ గారికి చిన్నతనంలోనే పెళ్లయింది. భర్త ఉద్యోగం మధ్య పరగణాలలో. బడి లేదు, పంతులు లేడు. తమ్ముడు చదువు కోసం వాళ్ల ఇంట్లోనే ఉండేవాడు. అతని పక్కన కూర్చుని ఆమె తెలుగు, హిందీ నేర్చుకున్నారు. మరాఠీ కూడా పట్టుపడింది. ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ దక్కకుండా పోయారు. ఆ ఇంట్లో కూర్చునే ఆమె దేశంలోని స్త్రీల చరిత్రలు పోగుచేయడం మొదలుపెట్టారు. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువడింది. ఆడవాళ్లకు తెలివి తక్కువ, ధైర్యం తక్కువ అనే మాటకు జవాబుగా, చరిత్రలో నుంచి మనుషుల్ని తెచ్చి నిలబెట్టిన పుస్తకం అది. మరుసటి ఏడు ధనత్రయోదశి అనే కథ రాశారు. ఆ ఏడే బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లో, ముప్పై ఏళ్ల వయసులో పోయారు.

అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, తమ్ముడు మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. తరువాత అది మద్రాసుకు మారింది. ఆ మండలి పోటీలు పెట్టి బహుమతులివ్వడంతోనే తెలుగులో చారిత్రక నవలకు ఊపు వచ్చింది. సాహిత్య చరిత్రలు మండలి గురించి పేజీలు పేజీలు రాస్తాయి. అక్కడిదాకా తీసుకొచ్చిన మెట్టు ఒక సంసారి ఇంటి వంటగది పక్కన, అక్కా తమ్ముడూ ఒకే పుస్తకం మీద వంగిన చోట ఉందని నా నమ్మకం. ఆమె ఇంకో ముప్పై ఏళ్లు బతికి ఉంటే నవల రాసేవారా? ఆ ప్రశ్న నన్ను వదలదు. చాలాకాలం తరువాత మల్లాది వసుంధర గారు చిన్న వయసులోనే తంజావూరు పతనము రాసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి తెచ్చుకున్నారు. రామప్పగుడి, సప్తపర్ణి కూడా ఆవిడవే. ఆ పేర్లు ఇవాళ ఎంతమంది తలుచుకుంటున్నారు? రుద్రమదేవి పేరు చెబితే బాపిరాజు గారి గోన గన్నారెడ్డి గుర్తొస్తాడు. ఓరుగల్లు సీమ అంటే వసుంధర గారు గుర్తురారు.

సరే, ఇప్పుడు మా ఇంటికి వద్దాం. ఇల్లు రాతకు అడ్డం అని అంటారు. అడ్డమే, కాదనను. కానీ చారిత్రక నవలకు కావలసిన సరుకులో సగం ఇంట్లోనే దొరుకుతుంది. ఇంకే గ్రంథాలయంలోనూ దొరకదు.

భట్టిప్రోలు సంగతి చెబుతాను. 1892లో అలెగ్జాండర్ రియా అనే పురాతత్త్వ అధికారి అక్కడి స్తూపాన్ని తవ్వించాడు. ధాతువులు దాచిన రాతి పెట్టెలు దొరికాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాతలున్నాయి. క్రీస్తుకు ముందు 3వ, 2వ శతాబ్దాల నాటివని పండితులు లెక్కకట్టారు. అంటే మన డెల్టాలో దొరికిన అతి పాత రాతల్లో ఇవి కొన్ని. జర్మన్ పండితుడు బ్యూలర్ వీటిని చదివాడు. ఖుబిరకుడనే రాజు పేరు ఉంది కాబట్టి చరిత్ర పుస్తకాలన్నీ ఆ రాజును పట్టుకున్నాయి. నన్ను పట్టుకున్నది ఇంకో రాత. బుద్ధుడి ధాతువుల కోసం పెట్టెనూ స్ఫటికపు భరిణెనూ ఇచ్చినవాళ్లు ఎవరంటే, కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు.

గమనించారా? తండ్రికి పేరు లేదు, తల్లికి పేరు లేదు. కొడుకు పేరుతోనే ఇద్దరినీ చెప్పారు. ఆ శివుడెవరో తెలియదు. తమ్ముడా? బావమరిదా? చరిత్రకారుడు ఇక్కడ ఆగిపోవాలి, ఆగకపోతే తప్పు. నవల రాసేవాళ్లకు ఇక్కడే పని మొదలవుతుంది. రాయిస్తున్నప్పుడు తల్లి అక్కడే ఉందా? తన పేరు వేయించమని అడిగిందా? స్ఫటికం భరిణె కొనగలిగిన ఇల్లు అంటే డబ్బున్న ఇల్లే. ఆ డబ్బు ఎవరిది?

ఇవన్నీ నేను అన్నాలు వడ్డిస్తూ మా ఇంట్లో అన్నాను. అత్తయ్య ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నన్ను మాత్రం మీ మామయ్య పేరు పెట్టి పిలిచారా అమ్మాయ్? పెద్దాడి అమ్మా అనేవారు. వాడు పుట్టకముందు ఏమేవ్ అనేవారు" అన్నారు. రెండు వేల ఏళ్ల నాటి రాతి పెట్టె మీద మాట మా భోజనాల బల్ల దగ్గర అంత మామూలుగా అర్థమైపోయింది. ఇది ఏ పుస్తకం చెబుతుంది?

నాగార్జునకొండ శాసనాలు ఇంకా చిత్రంగా ఉంటాయి. క్రీ.శ. 3వ శతాబ్దం, ఇక్ష్వాకుల కాలం. దానాలు చేసినవాళ్లలో రాజుల కంటే రాజుల ఇంటి ఆడవాళ్లే ఎక్కువ. ప్రతి ఒక్కరూ తాము ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో చెప్పుకుంటారు. శాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి పూనుకుంది. ఇంకో చెల్లెలు హమ్మసిరి. ఆమె కూతుళ్లు బాపిసిరిణిక, ఛఠిసిరి ఇద్దరూ శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడికి రాణులు. అంటే మేనత్త కూతుళ్లను చేసుకున్నాడు. అచ్చమైన మేనరికం. బాపిరాజు గారి అడవి శాంతిశ్రీ నవల పేరు కూడా ఈ శాసనాల్లోని రాకుమార్తెదే.

మా అత్తయ్యది కూడా మేనరికమే. ఆమెకు ఈ వంశవృక్షం కాగితం మీద గీసి చూపించాను. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని అర్థం చేసుకోవడానికి పేజీలు ఖర్చు పెట్టారు. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అత్తే మేనత్త అయితే గౌరవం చేయక్కర్లేదు, భయం మాత్రం రెండింతలు" అన్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంటికి వచ్చినప్పుడు పుట్టింటి వాటాల మాట ఎట్లా లేస్తుంది, పెద్దది ఊరుకుంటే చిన్నది ఎందుకు ఊరుకోదు, అంతా చెప్పుకుంటూ పోయారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. ఆ సాయంత్రం నాకు దొరికింది రాజవంశం మీద మంచి ప్రకరణం. పేరుకు మాత్రం నేను అత్తగారి దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను.

మా వారు నీటిపారుదల శాఖ. ఆయనతో ఇంకో రకం ఉపకారం. కృష్ణా డెల్టా అనగానే మన కళ్ల ముందు కాలవలు, కొబ్బరిచెట్లు, రెండు పంటల మాగాణి. కానీ సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఇప్పటి ప్రకాశం బ్యారేజి 1957 నాటిది. ఆనకట్టకు ముందు ఇది వరదకు మునిగే, వాన తప్పితే ఎండే నేల. 1833లో గుంటూరు సీమలో వచ్చిన కరువును డొక్కల కరువని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కాబట్టి చారిత్రక నవలలో నాయికా నాయకులను కాలవ గట్టు మీద నడిపించే రచయిత ఎవరైనా మా ఇంటికి వస్తే మా వారు కాఫీ ఇచ్చే ముందు ఆ కాలవ ఏ సంవత్సరం తవ్వారని అడుగుతారు.

ఇంకో చేదు విషయం కూడా ఉంది. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు, పాలరాళ్లు తవ్వకాలకు ముందే రోడ్ల పనులకు, కాలవ కట్టడాలకు తరలిపోయాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునసాగర్ జలాశయం కింద ఉంది. మునగకముందు తీయగలిగినంత తీసి కొండ మీద, ఇప్పటి ద్వీపంలో, పెట్టారు. మనం తినే అన్నానికీ మనం పోగొట్టుకున్న చరిత్రకూ మధ్య నీళ్లున్నాయి. ఈ మాట మీద మా ఇంట్లో వాదం నడుస్తుంది. ఆయన నీళ్ల పక్షం, నేను రాళ్ల పక్షం. పిల్లలు అన్నం పక్షం.

వంటింటి సంగతి సరేసరి. మిరపకాయ పోర్చుగీసువాళ్ల రాకతో వచ్చింది. బంగాళదుంప, టమాటా, వేరుశనగ, బొప్పాయి, జామ, ఇవన్నీ సముద్రం దాటి వచ్చినవే. కురుడి ఇంట్లో మిరియాలు, ఆవాలు, నువ్వులు, పెసలు, మినుములు ఉండవచ్చు. గుంటూరు దగ్గర కూర్చుని కారం లేని కూర ఊహించడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఒకరోజు మిరియాలతోనే వంటంతా చేశాను. పిల్లలు ఒక ముద్ద తిని, బౌద్ధులు ఎందుకు సన్యాసం తీసుకున్నారో అర్థమైందన్నారు.

తిథుల విషయంలో పంచాంగం చూడగల మనిషి ఇంట్లో ఉండటం పెద్ద భాగ్యం. మధ్యయుగాల శాసనాల్లో శకవర్షం, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. వాటిని ఇప్పటి తేదీలకు మార్చడానికి స్వామికన్ను పిళ్లై గారి పట్టికలున్నాయి. కానీ బహుళ చవితి నాడు దీపాలు పెట్టే వేళకు చంద్రుడు ఉండడని చెప్పడానికి పట్టికలు అక్కరలేదు. సంకటహర చవితి ఉపవాసం ఉండి, చంద్రోదయం కోసం రాత్రిదాకా ఆకలితో ఎదురుచూసిన ఆడవాళ్లను అడిగితే చాలు. యుద్ధాల సంవత్సరాలు తప్పు వేసినా పాఠకులు క్షమిస్తారేమో. చంద్రుడిని తప్పు చోట పెడితే మాత్రం మా వీధిలో క్షమించరు.

ఇంతా చెప్పాక, పాల సంగతి మిగిలింది కదా. ప్రకరణం రాసే వేళ. అక్కడ ఇల్లు సాయం చేయదు. సాయం చేస్తుందని చెబితే అబద్ధం. రాత్రి అందరూ పడుకున్నాక రాయవచ్చు కదా అని సలహా ఇస్తారు. పగలంతా బడిలో గొంతు పోగొట్టుకుని, రాత్రి మూడో జాము వరకు కురుడి తల్లితో కూర్చుంటే, మర్నాడు ఆ విసుగంతా పిల్లల మీద పడుతుంది. నిద్ర దొంగిలించి రాసే పద్ధతిని గొప్పగా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నిద్ర మానుకున్నవాళ్లు ఇంట్లో ఇంకెవరినీ ఏమీ అడగకుండా ఉండటం కోసం మానుకుంటున్నారు, అది గొప్పా?

అందుకని నేను అడిగాను. అత్తయ్యనీ, మా వారినీ, పిల్లలనీ కూర్చోబెట్టి, ఆదివారం పొద్దున నేను ఊళ్లో లేనట్టే లెక్క అని చెప్పాను. మొదట నవ్వారు. టిఫిను ఎవరు చేస్తారన్నది తేలడానికి కొంచెం సమయం పట్టింది. మా వారి ఉప్మాను గురించి రేడియోలో మాట్లాడనని మాట ఇచ్చాను కాబట్టి అక్కడితో వదిలేస్తున్నాను. బంధువుల పెళ్లిళ్లు ఆదివారాలే వస్తాయి. కొన్నిటికి నేను వెళ్లలేదు. నిష్ఠూరాలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. పెద్దమ్మాయి పదో తరగతి ఏడాది ఆదివారాలు కూడా మూసేశాను. ఆ ఏడంతా పప్పు పనే. ఏటా రాయాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. కొన్ని ఏళ్లు చదువుకోవడానికి, ఊళ్లు తిరగడానికి సరిపెట్టుకోవాలి.

ఊళ్లంటే గుర్తొచ్చింది. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. పిల్లలతో వెళితే నీళ్లూ, తినడానికీ వెంట పెట్టుకోండి. చూడటానికి ఎత్తైన గోపురం ఏమీ ఉండదు. ఇటుకల గుండ్రని దిబ్బ, చుట్టూ ఊరు. రాతలున్న ఆ పెట్టెలు తవ్విన కాలంలోనే మద్రాసు మ్యూజియానికి వెళ్లిపోయాయి. మా చిన్నాడు దిబ్బ చుట్టూ పరుగెత్తి వచ్చి, "కురుడికి ఎన్నేళ్లు?" అని అడిగాడు. శాసనం చెప్పలేదురా అన్నాను. "అయితే పదేళ్లు పెట్టు" అన్నాడు. వాడికి అప్పుడు పదేళ్లు. పెట్టాను.

కురుడి తల్లి పేరు మాత్రం ఇంకా తేలలేదు. నవల అంతా ఆవిడను కురుడి తల్లి అనే పిలిపించాలని నా పట్టుదల. రాయి ఎట్లా చెప్పిందో అట్లాగే. అత్తయ్య ఒప్పుకోవడం లేదు. "రాతి మీద చెక్కేవాడికి చోటు లేక మానేశాడు. నీకు కాగితాలకు కరువా? ఆవిడ పుట్టింటివాళ్లు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు కదా" అంటున్నారు. ఆవిడ ఇప్పటికే నాలుగు పేర్లు చెప్పారు. అందులో రెండు ప్రాకృతంలో నప్పేవే. మిగతా రెండూ మా ఆడపడుచులవి.